ఎవరూ లేని రేవు

ఫిబ్రవరి 4, ఉదయం 7:20

నది ఇవాళ కూడా కుళ్లిన కోడిగుడ్ల కంపే. దాని పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. ముప్పయ్యొక్క ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను కాబట్టి పేరు తెలుసు. పేరు తెలిసినంత మాత్రాన కంపు తగ్గదు. ఇంకాస్త పెరుగుతుంది.

మోకాళ్ల డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు. ఊరికే నడవడమంటే నాకు రోత. పార్కులో చేతులు ఊపుకుంటూ, ఒకరి బీపీ ఒకరికి చెప్పుకుంటూ గుండ్రంగా తిరిగే ఆ మందని చూస్తే గానుగెద్దు నయమనిపిస్తుంది. దాని తిరుగుడుకి నూనైనా వస్తుంది. అందుకని కెమెరా బయటికి తీశాను. రిటైరైనప్పుడు కొనుక్కున్నది. తొమ్మిదేళ్లుగా బీరువాలో నాకంటే విశ్రాంతిగా ఉంది. చీకటి ఉండగానే ట్రైపాడ్ భుజాన వేసుకుని అయిదు వీధులు దాటి రేవుకి వెళ్తున్నాను. నడకా అవుతుంది, పనీ అవుతుంది.

పని ఇదీ. లెన్సు ముందు నల్లటి ఫిల్టరు బిగిస్తాను, వెల్డింగ్ చేసేవాళ్ల కళ్లద్దం లాంటిది. వెలుతురు లోపలికి బొట్లుబొట్లుగా తప్ప పోదు. కాబట్టి షట్టరు నాలుగు నిమిషాలు తెరిచి ఉంచాలి. ఆ నాలుగు నిమిషాలూ కదలకుండా ఉన్నదే ఫోటోలో పడుతుంది: మెట్లు, రాతిగోడ, దూరంగా వంతెన. కదిలినదల్లా కరిగిపోతుంది.

నది మీద నురగ ఉంటుంది. ఎగువన రంగుల ఫ్యాక్టరీల పుణ్యం, ఊరందరి బట్టల సబ్బు పుణ్యం. మురికి దూది మూటల్లా కొట్టుకొస్తుంది. దానితోపాటు ప్లాస్టిక్ సంచులు, ఒంటి చెప్పులు, ఇవాళ ఒక దిండు. నాలుగు నిమిషాల తర్వాత చూస్తే ఏమీ లేవు. పాలమీద పొగమంచు. పైన పటారం, లోన లొటారం అంటారు. లొటారం నది సొంతం. పటారం మాత్రం నా చేతి పని.

ఫిబ్రవరి 5

మబ్బు. వెళ్లలేదు. మోకాలు సంతోషించింది.

ఫిబ్రవరి 9, ఉదయం 6:50

ఇవాళ మూడు ఫ్రేములు పాడుచేసింది ఆ పడవ.

రేవులో ఒక పెద్ద నాటుపడవ తిరుగుతూ ఉంటుంది, ఇవతలి ఒడ్డు నుంచి అవతలికి, అవతలి నుంచి ఇవతలికి. నడిపేది ఒకావిడ. నలభై అయిదు దాటి ఉంటుంది. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, తెడ్డు పట్టుకుని నిలబడితే పడవ ఆవిడ కాళ్లలోంచి మొలిచినట్టు ఉంటుంది. ఎక్కేవాళ్లు ఆస్పత్రి ఆయాలు, ఆఫీసులు ఊడ్చేవాళ్లు, బేకరీ కూలీలు. పొద్దున్నే అంత నిద్రమొహాలు ఒకచోట ఎక్కడా చూడలేదు, నా ఫస్ట్ పీరియడ్ క్లాసులో తప్ప.

పడవ ఒడ్డున ఆగితే నా ఫోటోలో ఒక బూడిదరంగు మరక. అందుకని ఆవిడకి మరక అని పేరు పెట్టాను.

మరకకి నోరు కూడా ఉంది. ఏంటి ఫోటో మామ్మగారూ, రోజూ ఆ డబ్బా వెనకే నించుంటారు, అందులో మీకు పెళ్లికొడుకేమన్నా కనిపిస్తున్నాడా అని పడవలోంచి అరిచింది. పడవంతా నవ్వు. నేను గడియారం చూసుకుంటున్నట్టు నటించాను.

ఫిబ్రవరి 16

కిటుకు దొరికింది. పడవ ఒడ్డు వదలగానే షట్టరు నొక్కాలి. అటు ఆరు నిమిషాలు, ఇటు ఆరు నిమిషాలు. ఆ మధ్యలో రేవు నాది. మెట్ల మీద హడావిడిగా దిగేవాళ్లతో బెంగ లేదు, వాళ్లు ఎలాగూ పడరు. వచ్చే ట్రిప్పు కోసం నిలబడి ఎదురుచూసే వాళ్లే పీడ. పూర్తిగా కదలరు, పూర్తిగా ఆగరు. కాలు మార్చి కాలు మీద బరువు వేస్తూ, పొగలా అంటుకుంటారు.

అరవై ఫ్రేముల్లో పద్నాలుగు శుభ్రంగా వచ్చాయి. మిగతావి డిలీట్.

మనవరాలు నా భుజం మీంచి చూసి, అమ్మమ్మా, ఇక్కడ జనం ఉండాలి కదా, ఏరీ అంది. ఉన్నారే, ఆగలేదంతే అన్నాను. క్రీపీ అంది. దానికి పదహారేళ్లు. దానికి అన్నీ క్రీపీయే, నా పళ్ల సెట్టుతో సహా.

ఫిబ్రవరి 21

మనవరాలు నా ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. నాలుగు వేల లైకులట. కింద కామెంట్లు చదివి వినిపించింది. స్వర్గంలా ఉందట. ప్రశాంతతట. ఆత్మ కడిగినట్టుందట. ఒక మహానుభావుడు ఆ నీళ్లలో ఒక్కసారి మునగాలని ఉంది అని రాశాడు. నీ చర్మం, నీ ఇష్టం నాయనా.

అసహ్యం వేసింది. ఇంకోసారి చదవమన్నాను.

ఫిబ్రవరి 27, రాత్రి భోజనాలయ్యాక

అల్లుడు ఒక ఫారం తెచ్చాడు. అతను ఆర్కిటెక్టు. వాళ్ల కన్సల్టెన్సీకి నదీతీర సుందరీకరణ రిపోర్టు రాసే పని వచ్చింది. ఒడ్డు పొడుగునా రాళ్లు పరిచి, బెంచీలు వేసి, దీపాలు పెడతారట. అత్తయ్యగారూ, మీ ఫోటోల్లాంటివి మా ఫోటోగ్రాఫర్లు జన్మలో తియ్యలేరండీ, రిపోర్టులో వేసుకుంటాం, కింద మీ పేరు వేయిస్తాం అన్నాడు.

ఈ ఇంట్లో పదిహేడేళ్లుగా అతను నన్ను మెచ్చుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి, మర్నాడు కారు అడిగాడు.

సంతకం పెట్టాను. నా పేరులో స్పెల్లింగు తప్పు పోకుండా చూడమని మాత్రం గట్టిగా చెప్పాను.

మార్చి 3

కుడి మోకాలు వాచింది. వారం రోజులు కదలొద్దట. కదలకుండా ఉంటే కనీసం ఫోటోలోనైనా పడతాను.

మార్చి 12, ఉదయం 8:00

నెమ్మదిగా రాస్తాను.

ఇవాళ రేవుకి వెళ్లేసరికి పడవ కట్టేసి ఉంది. మరక మెట్ల మీద కూర్చుని, చేతిలో కాగితాలు. నన్ను చూసి లేచి వచ్చింది. మామ్మగారూ, మీరు చదువుకున్నోళ్లు కదా, ఇదేమిటో కాస్త చెప్పండి, నాకు అక్షరాలు వచ్చు గానీ ఈ మాటలు గొంతు దిగట్లేదు అంది.

నోటీసు. సారాంశం ఇది. నదీతీర సుందరీకరణలో భాగంగా ఈ రేవుని వచ్చే నెలాఖరుకి మూసేస్తారు. పడవ లైసెన్సు రద్దు. కారణం, వినియోగం లేకపోవడం. వేర్వేరు తేదీల్లో తెల్లవారుజామున పరిశీలించగా రేవు నిర్మానుష్యంగా ఉన్నట్టు తేలింది. ఆధారం, అనుబంధంలోని పద్నాలుగు ఫోటోలు.

తేదీ, టైముతో సహా అచ్చువేశారు. 5:52. 6:04. 5:47. ఒక్క మనిషి లేడు. పాలు, పొగమంచు, కడిగిన మెట్లు. కింద నా పేరు. స్పెల్లింగు తప్పు పోలేదు.

ఇది మన రేవే కదా మామ్మగారూ అంది మరక. అదిగో ఆ విరిగిన మెట్టు నాకు తెలీదా, రోజూ దాని మీదే నా కాలు. మరి మేమేమయ్యాం? ఇంతమందిమి ఎటు పోయాం?

ఏమో అన్నాను.

ముప్పయ్యొక్క ఏళ్లు పిల్లలకి జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి, తెలిస్తే దాచొద్దు అని పాఠం చెప్పిన నోరు. ఏమో అంది.

మార్చి 13

చెప్పలేదు. మోకాలు నొప్పి అని ఇంట్లో పడుకున్నాను. మోకాలు బాగానే ఉంది.

మార్చి 14, ఉదయం 7:30

చెప్పాను.

కాగితం మీద ఉన్న పేరు నాదేనని, ఆ ఫోటోలు నేనే తీశానని, పడవ పక్కకి వెళ్లేదాకా కాచుకుని కూర్చుని మరీ తీశానని, మనుషులు అంటుకున్న ఫోటోలు పారేశానని. షట్టరు, ఫిల్టరు, నాలుగు నిమిషాలు, అన్నీ వరసగా. బోర్డు ఉంటే బొమ్మ కూడా వేసేదాన్ని. భయంగా ఉన్నప్పుడు నేను పాఠం చెబుతాను.

మరక అంతా వింది. తర్వాత అడిగింది. అంటే మామ్మగారూ, మీ డబ్బాలో పడాలంటే ఏ పనీ చెయ్యకుండా కూర్చోవాలన్నమాట. ఔనన్నాను. అయితే ఆ నోటీసు ఇచ్చిన ఆఫీసోళ్లు ఒక్కొక్కళ్లు అద్దంలో పడ్డట్టు పడతారు అంది.

నాకు నవ్వొచ్చింది. తను నవ్వలేదు. అప్పుడు అరిచింది. మీకు మంచు కావాలి, పాలు కావాలి, మేం అడ్డం! ఆస్పత్రిలో ఆయాల డ్యూటీ ఆరున్నరకి. మొదటి బస్సు ఏడింటికి. వంతెన మీంచి చుట్టూ తిరిగితే నాలుగు కిలోమీటర్లు. చీకట్లో ఆడవాళ్లు నడిచిపోవాలా? పోనీ మీరు నడుస్తారా ఆ మోకాలితో? మా అమ్మ తోసింది ఈ పడవ, ముప్ఫై ఏళ్లు. ఒక్కనాడు ఆపలేదు. మీరు నాలుగు నిమిషాల్లో ఆపేశారు.

తప్పు నాదేనన్నాను. తప్పు మీదైతే రేవు నాకు వస్తుందా అంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈ నీళ్లతో కాలు కడుక్కుంటే ఇంకా మురికి.

ఇక మీదట మరక అని రాయను. పడవ నడిపే మనిషి కాబట్టి సరంగు అని రాస్తాను.

మార్చి 15

ఇంట్లో యుద్ధం.

అల్లుణ్ణి అడిగాను, రిపోర్టు రాసేముందు ఆ రేవుకి ఎవరైనా వెళ్లారా అని. డేటా ఉంది కదండీ అన్నాడు. డేటా నేను నాయనా, నా కళ్లతో చూస్తే అక్కడ రోజుకి రెండు వందల మంది ఉన్నారు, నన్నెందుకు అడగలేదు అన్నాను. పొద్దున అయిదింటికి ఎవరు లేస్తారండీ, అందుకే కదా మీ ఫోటోలు తీసుకున్నది అన్నాడు. అమాయకంగా అన్నాడు. అదే ఇంకా అసహ్యం. దుర్మార్గుడైతే తిట్టొచ్చు. ఇతను నిద్రపోయాడంతే.

అమ్మాయి వంటింట్లోంచి వచ్చి, అమ్మా, ఇప్పుడు నువ్వు వెళ్లి అవి తప్పు ఫోటోలని చెప్తే ఆయన ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించావా అంది. ఆలోచించానన్నాను. ఏమాలోచించావు అంది. అంతదాకా రాలేదన్నాను.

తిలా పాపం తలా పిడికెడు. నా పిడికిలి అందరికంటే పెద్దది. అది కూడా చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాస్త మర్యాదకైనా కాదనొచ్చు.

మార్చి 19

ఫిల్టరు తీసేసి వెళ్లాను. షట్టరు సెకనులో రెండు వందల యాభయ్యో వంతు. మామూలు మనుషులు మామూలు ఫోటోలు తీసినట్టు.

ఎంత వికారంగా ఉందో. నురగ, దానిలో ఇరుక్కున్న చెత్త, నీళ్లలోకి తుమ్ముతున్న బేకరీ కుర్రాడు. ఆయాల మొహాలు. ఒకావిడ పడవ ఎక్కుతూనే జడ వేసుకుంటోంది, పిన్నులు పళ్ల మధ్య. నెలన్నర వాళ్ల ముందు నిలబడ్డాను. ఆ పిన్నులు ఇవాళ చూశాను.

ఈ ఫోటోలు పట్టుకుని ఆ నోటీసు ఇచ్చిన ఆఫీసుకి వెళ్లాను. గుమాస్తా తిప్పి తిప్పి చూసి, ఇవి ఏ రోజు తీశారో, జనాన్ని ఎక్కణ్ణుంచి పోగేశారో మాకేం తెలుసు మేడమ్ అన్నాడు. ఆ పద్నాలుగూ నమ్మారు కదయ్యా, అవీ నావే అన్నాను. అవి బావున్నాయండీ అన్నాడు.

అందంగా ఉంటే నిజం. ఇదీ ప్రభుత్వం.

ఏప్రిల్ రెండున విచారణ ఉందట, అభ్యంతరాలుంటే కమిటీ ముందు చెప్పుకోవచ్చట. పేరు రాయించాను.

మార్చి 23

రాత్రంతా ఒకటే ఆలోచన. నాలుగు నిమిషాల ఫోటో అబద్ధమాడుతుందని మాటలతో చెబితే వినరు. పాఠం కంటే ప్రయోగం మేలు. అబద్ధం ఎలా పుడుతుందో కళ్ల ముందు చేసి చూపించాలి.

ట్రైపాడ్ నేల మీద కాకుండా పడవలో పెడితే?

మార్చి 24, ఉదయం 8:40

స్నానం రెండుసార్లు చేశాను. ఇంకా కంపు కొడుతున్నాను.

మొదట సరంగు ఒప్పుకోలేదు. మళ్లీ ఆ డబ్బానా అంది. ఈసారి డబ్బా మీతోపాటు కూర్చుంటుంది అన్నాను. పడవలో ఉంటే దాని కంటికి మీరు కదలనట్టే, కదిలేది ఊరు అవుతుంది అని చెప్పాను. ఊరు కదలడమేంటి మామ్మగారూ, పొద్దున్నే ఏమైనా తాగారా అంది. కానీ చెయ్యి ఇచ్చి ఎక్కించింది. ఆ చెయ్యి పట్టుకుంటే చెక్క పట్టుకున్నట్టే ఉంది.

పడవ మొనవైపు ట్రైపాడ్ తాళ్లతో కట్టాం, లెన్సు లోపలికి తిప్పి. ఇరవై ఆరు మంది. ఆరు నిమిషాలు కదలొద్దని చెప్పాను. సరంగు గట్టిగా, అందరూ చచ్చినట్టు కూర్చోండి అని అరిచింది. అలాగంటే ఎలా అక్కా, బతికున్నట్టు పడడానికే కదా ఈ తిప్పలు అంది పిన్నుల ఆయా. ముక్కు దురద పెడితే ఏం చెయ్యాలి అని బేకరీ కుర్రాడు. అవతలి ఒడ్డున గోక్కో అని పడవంతా.

షట్టరు నొక్కాను. నది మధ్యలో నురగ ముద్ద ఒకటి ఎగిరి నా చెంప మీద పడింది. జిగురుగా, గోరువెచ్చగా. గోరువెచ్చగా ఎందుకుందో కెమిస్ట్రీ తెలిసినదాన్ని కాబట్టి ఆలోచించదలచుకోలేదు. తుడుచుకోలేదు. కదలొద్దని అందరికీ చెప్పింది నేనే.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూశాను.

ఇరవై ఆరు మందీ ఉన్నారు. ఊపిరికి అంచులు కాస్త చెదిరాయి గానీ మొహాలు మొహాలే. సరంగు నడుం దాకా రాతివిగ్రహం, పైన తెడ్డు వేసే చేతులు పొగ. వాళ్ల వెనక, ఊరు లేదు. వంతెన లేదు, పదహారు అంతస్తుల ఆఫీసులు లేవు, రాతిగోడ లేదు. మట్టిరంగు చార ఒకటి, తడిగుడ్డతో తుడిచేసినట్టు.

మనవరాలు చూసింది. క్రీపీ అనలేదు.

ఏప్రిల్ 2, సాయంత్రం

విచారణ.

పొడుగు బల్ల, ముగ్గురు సభ్యులు, మధ్యలో అధ్యక్షుడు. గోడ మీద సుందరీకరణ బొమ్మలు. బొమ్మల్లో నది నీలంగా ఉంది. ఆ నీలం రావాలంటే నీళ్లలో ఏం కలపాలో నాకు తెలుసు. అది తాగితే బతకరు.

సరంగు ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఆయాలు నలుగురు డ్యూటీ మార్చుకుని వచ్చారు. అల్లుడు వెనక వరసలో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను లేచి, ఆ పద్నాలుగు ఫోటోలు తీసింది నేనే, వాటిలో జనం లేనట్టు కనిపించడానికి కారణం ఇదీ అని చెప్పాను. అధ్యక్షుడు ఓపికగా విని, పెద్దవారు, మీరు చెప్పారు కాబట్టి కాదనను గానీ, కెమెరా అబద్ధం చెప్పదు కదమ్మా అన్నాడు.

అప్పుడు పడవ ఫోటో బల్ల మీద పెట్టాను. అదే కెమెరా, అదే ఫిల్టరు, అదే వేళ అన్నాను. ఇందులో ఇరవై ఆరు మంది ఉన్నారు, ఊరు లేదు. మీ ఆఫీసు ఉండాల్సిన చోటు ఇదిగో, వేలుపెట్టి చూపించాను, ఇక్కడ. లేదు. మీ రిపోర్టు లెక్కన ఇది వినియోగం లేని నగరం. ఎప్పుడు మూసేద్దామో తేదీ చెప్పండి.

ఎడమవైపు సభ్యుడు నవ్వాడు. అధ్యక్షుణ్ణి చూసి ఆ నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు.

అధ్యక్షుడు ఫోటో చాలాసేపు చూశాడు. తర్వాత వెనక వరసకేసి చూసి, తెల్లవారుజామున మీ సంస్థ తరఫున ఎవరైనా ఆ రేవుకి వెళ్లారా అని అడిగాడు. అల్లుడు లేచాడు. ఫైలు తెరిచాడు. మూసేశాడు. నా మొహం చూశాడు, సరంగు మొహం చూశాడు.

లేదండీ, ఎవరం వెళ్లలేదు అన్నాడు.

పదిహేడేళ్లలో ఆ కుర్రాడు నాకు నచ్చడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చాక చెప్పలేదు. మర్నాడు కారు అడుగుతాడేమోనని.

ఏప్రిల్ 3

అమ్మాయి కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకి పక్కింటి కుక్క మొరిగింది.

ఏప్రిల్ 18

ఆర్డరు వచ్చింది. చదువుతూ సగంలో సంతోషించాను. ఎప్పుడూ మొత్తం చదివాకే సంతోషించాలి.

రేవు వాడుకలో ఉందని కమిటీ ఒప్పుకుంది. పడవ లైసెన్సు రద్దు చేయరు. అయితే ఒడ్డు దృశ్య సౌందర్యాన్ని దృష్టిలో పెట్టుకుని రేవుని వంతెన కిందికి మారుస్తున్నారు. కిలోమీటరున్నర దిగువకి.

వెళ్లి చూశాను. ఊరి పెద్దకాలువ నదిలో కలిసేది సరిగ్గా అక్కడ. మెట్లు లేవు, జారుడు బురద. కాలువ నోట్లోంచి నల్లగా, చిక్కగా, బుడగలు కక్కుతూ వస్తోంది. ఒడ్డున పందులు కూడా ముక్కు పక్కకి తిప్పుకుని నిలబడ్డాయి. ఆ సుడిలో పడవ నిలవదు. నిలిచినా, ఆ బురదలో దిగిన ఆయాని ఆస్పత్రిలోకి రానిస్తారా?

మూసేస్తే అన్యాయమని అరవొచ్చు. ఇది అలా కాదు. లేరని అనలేకపోయారు కాబట్టి ఫ్రేములోంచి పక్కకి జరిపారు. ఆ పని నాకు కొత్త కాదు. ఫిబ్రవరి అంతా చేశాను.

వాంతి వచ్చింది. అక్కడే చేసుకున్నాను. తేడా ఏం తెలియలేదు.

ఏప్రిల్ 25

పాత రేవు దగ్గర రోడ్డు పొడుగునా ఫ్లెక్సు కట్టారు. ముప్ఫై అడుగుల వెడల్పు. మీ నది, మీ అందం అని పైన. కింద నా ఫోటో. 6:04ది. పాలు, పొగమంచు, కడిగిన మెట్లు, ఒక్క మనిషి లేడు. మూలన నా పేరు, ఒక్కో అక్షరం నా తలకాయంత.

ఫారానికి రెండో పేజీ ఉందట. ఏ సైజులోనైనా, ఎంతకాలమైనా వాడుకోవచ్చునట. అల్లుడు చెప్పలేక చెప్పాడు.

ఫ్లెక్సు ఎంత పెద్దదంటే రోడ్డు మీంచి అసలు నది కనిపించదు. నది ముందు నది బొమ్మ. పాత రేవులో పడవ ఎక్కకూడదని రోడ్డు మీద ఒక గార్డుని కూడా పెట్టారు, ఈలతో.

దారినపోయే ఒకావిడ ఫ్లెక్సు ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటూ, ఎంత క్లీన్‌గా ఉందో కదా అంది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

ఇంటికొచ్చి లెటరు రాశాను. నా ఫోటో తీసెయ్యండి, లేకపోతే కోర్టుకి వెళ్తాను, ఈ బొమ్మ అబద్ధమని కమిటీయే ఒప్పుకుంది, నా పేరుతో అబద్ధం వేలాడనివ్వను. మూడు పేజీలు. ఇంత బాగా తిట్టి ఎన్నాళ్లయిందో. సోమవారం నా చేత్తో ఇచ్చొస్తాను.

ఏప్రిల్ 27, ఆదివారం

మధ్యాహ్నం సరంగు మా ఇంటికి వచ్చింది. మొదటిసారి. కూర్చోమంటే కూర్చోలేదు, చీర తడి అంది. మా అమ్మాయి కుర్చీ మీద తువ్వాలు పరిచి, ఇప్పుడు కూర్చోండి అంది. కూర్చుంది. అమ్మాయి కాఫీ ఇచ్చింది, చప్పుడు లేకుండా.

మామ్మగారూ, ఫ్లెక్సు పీకించెయ్యమని లెటరు పెడుతున్నారటగా అంది. అల్లుడు చెప్పాడట. అవునన్నాను, నీకు జరిగిన అన్యాయానికి అదొక్కటే నేను చెయ్యగలిగింది అన్నాను.

బాబ్బాబు, మీకు దండం పెడతాను, ఆ పని చెయ్యకండి అంది.

నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. వంతెన కింద ఒక్కరోజే పెట్టిందట పడవ. ఇద్దరు ఆయాలు జారిపడ్డారు. మర్నాడు వేకువన మళ్లీ పాత మెట్లకే తెచ్చింది, వచ్చేది వస్తుందని. ఏమీ రాలేదు. ఫ్లెక్సు అడ్డం. పక్కసందులోంచి ఒక్కొక్కళ్లే దిగి, దాని వెనక నిలబడుతున్నారట. రోడ్డు మీంచి చూస్తే మీ బొమ్మే కనిపిస్తుంది మామ్మగారూ, బొమ్మలో ఎవరూ లేరు కదా అంది. మరి గార్డు అంటే, అతనికి తెలీదో, తెలిసి తెలీదో, వాళ్ల వదిన రెండో ట్రిప్పులో వెళ్తుంది అంది.

వెలుతురు వచ్చేలోపు అయిదు ట్రిప్పులు. ఇంకా ఎన్నాళ్లు అని అడిగాను. ఆ గుడ్డ ఉన్నన్నాళ్లు అంది.

అల్లుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెయిన్‌ప్రూఫ్ ఫ్లెక్సు అత్తయ్యగారూ, నాలుగేళ్లు గ్యారంటీ అన్నాడు.

అంటే నాలుగేళ్లు ఆ అబద్ధం కింద నా పేరు. ఊళ్లో నా శిష్యులున్నారు. నురగ అంటే ఏమిటో నా దగ్గర నేర్చుకున్నవాళ్లు. ఆ బొమ్మ కింద నా పేరు చదువుకుంటూ ఆఫీసులకి వెళ్తారు. మామ్మకి ముసలితనంలో పేరు పిచ్చి పట్టిందనుకుంటారు.

అనుకోనీ.

లెటరు సరంగు ముందే చించాను. అయ్యో, అంత రాశారే అంది. ఒక పేజీ చదివి వినిపించమంది. అతికించి చదివాను. తిట్లున్న చోట రెండుసార్లు చదివించుకుంది.

ఏప్రిల్ 28, తెల్లవారుజాము 5:10

నా ఫోటో వెనక నిలబడి రాస్తున్నాను. ఇటువైపు నుంచి అది ఉత్త తెల్లగుడ్డ. అటు గార్డు చెప్పులు వినిపిస్తున్నాయి. ఇటు మేం అరవై మందిమి, ముక్కులు మూసుకుని.

పడవ వచ్చింది.

ఇక్కడ ఎవరూ లేరు.